పెరట్లో ఒక కుంట

పెరట్లో కుంట తవ్వుదామని నేను అనగానే మా అమ్మ నోట్లోంచి వచ్చిన మొదటి మాట "డెంగ్యూ". అమ్మ తప్పేమీ లేదు. దానికి ముందు ఏడాది వానాకాలంలో మా తమ్ముడికి డెంగ్యూ వచ్చి ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. రోజూ పొద్దున ప్లేట్‌లెట్లు ఎన్ని అని చీటీ చూసి భయపడ్డ ఇల్లు మాది. అలాంటి ఇంట్లో నిలబడి "పెరట్లో నీళ్ళు నిలబెడదాం" అంటే ఎవరు ఒప్పుకుంటారు? మా ఇంట్లో అమ్మ తమిళంలో తిడుతుంది, అవ్వ తెలుగులో తిడుతుంది. ఆ రోజు రెండు భాషల్లోనూ తిన్నా.

అయినా కుంట తవ్వాం. ఇప్పుడు దానికి రెండో వానాకాలం కూడా అయిపోయింది. ఎలా తవ్వాం, ఎందుకు తవ్వాం, ఎక్కడ తప్పు చేశాం, అమ్మ భయం ఏమయింది అన్నది వరసగా రాస్తాను. మీ ఊళ్ళో, మీ ఇంట్లో కాస్త చోటుంటే పనికొస్తుందేమో చూడండి.

మా నేల సంగతి

కడంబూరు అంటే మీలో చాలామందికి రైల్లో అమ్మే పోళీలే గుర్తొస్తాయి. కోవిల్‌పట్టి దాటి తిరునెల్వేలి వైపు వెళ్తుంటే వచ్చే స్టేషన్ మాది. చుట్టూ నల్లరేగడి. తమిళంలో కరిసల్ అంటారు. ఇంగ్లీషు భూగోళం పుస్తకాల్లో ఈ మట్టిని "రేగర్" అని రాస్తారు కదా, ఆ మాట మన తెలుగు "రేగడ" నుంచే పోయింది.

ఈ నేలకి ఏరు లేదు, కాలవ లేదు. ఐప్పసి, కార్తీక నెలల్లో ఈశాన్య రుతుపవనం తెచ్చే వానే ఆధారం. అందుకే మా వైపు ప్రతి ఊరికీ ఒక ఊరణి ఉంటుంది. ఊరు తాగే నీళ్ళు నిలిచే గుంట అని అర్థం. తాగే ఊరణిలో కాళ్ళు కడగకూడదు, బట్టలు ఉతకకూడదు, పశువుల్ని దింపకూడదు అని కట్టుబాటు. తిరుక్కుఱళ్‌లో జ్ఞాని సంపదని నీళ్ళు నిండిన ఊరణితో పోల్చాడు వళ్ళువర్. అంటే ఎంత పాత అలవాటో చూడండి. పొలాలకు నీళ్ళిచ్చే పెద్ద చెరువుని మా జిల్లాల్లో కణ్మాయి అంటారు.

కుళాయి నీళ్ళు వచ్చాక ఊరణుల్ని పట్టించుకునేవాళ్ళు తగ్గారు. పూడిక తీయకపోతే అవి పళ్ళెంలా మారిపోతాయి. గట్ల మీద సీమ కరువేలం, అదే ఆంధ్రలో సర్కారు తుమ్మ అంటారే, అది అల్లుకుంటుంది. మా వీధి చివర ఉన్న చిన్న గుంట కూడా నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ప్లాట్ల కింద పూడిపోయింది. ఆ ఏడు నుంచి వాన పడిన రాత్రి మా ఇంటికి కప్పల అరుపు వినబడటం ఆగిపోయింది. నేను గమనించలేదు. అవ్వ గమనించింది. "వాన వచ్చె, కప్ప రాలే" అని ఊరికే అనేది. ఆ మాటే నాకు కుంట మీద బుద్ధి పుట్టించింది.

కప్పలు పోతే మనకేంటి?

మా తమ్ముడు ఇదే అడిగాడు. కప్పలు పంటని తినే పురుగుల్ని తింటాయి. ఒకప్పుడు మన దేశం నుంచి కప్పకాళ్ళు టన్నులకొద్దీ విదేశాలకు ఎగుమతి అయ్యేవి. 1987లో ప్రభుత్వం ఆ ఎగుమతిని ఆపేసింది. 2023లో ప్రపంచమంతా లెక్క చూస్తే కప్పజాతి జీవుల్లో నూటికి 41 అంతరించే ప్రమాదంలో ఉన్నాయని తేలింది. పక్షులకన్నా, పాలిచ్చే జంతువులకన్నా ఇది ఎక్కువ.

పెద్ద చెరువుల సంగతి పేపర్లో వస్తుంది. తిరునెల్వేలి జిల్లా కూందంకుళం, రామనాథపురం జిల్లా చిత్రంగుడి, కాంజిరంకుళం 2022లో రామ్‌సర్ జాబితాలో చేరాయి. ఇవన్నీ మనుషులు పొలాల కోసం కట్టుకున్న చెరువులే. అక్కడికి పక్షులు తరవాత వచ్చాయి. ఆంధ్రలో నేలపట్టు కూడా అంతే, చెరువు, చెట్లు, గూడబాతులు. కానీ కప్పకీ తూనీగకీ అంత పెద్ద చెరువు అక్కర్లేదు. నాలుగు నెలలు నీళ్ళు నిలిచే చిన్న గుంట చాలు. అది మనం చెయ్యగలిగిన పని.

ఎక్కడ తవ్వాలి

మూడు సంగతులు చూసుకున్నాం. ఒకటి, సగం రోజైనా ఎండ పడాలి. ఎండ లేకపోతే నీటి మొక్కలు పెరగవు. రెండు, పెద్ద చెట్టు కింద వద్దు. ఆకులు రాలి కుళ్ళితే నీళ్ళు నల్లగా మారి వాసన వేస్తాయి. మా వేపచెట్టుకి దూరంగా పెరటి మూల తీసుకున్నాం. మూడు, ఇంటి గోడకి, వాకిలికి దూరంగా ఉండాలి. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగులుతుంది. గోడ పక్కన నీళ్ళు నిలిపితే పునాది కదులుతుంది. మా కుంటకి ఇంటికి ఇరవై అడుగుల దూరం ఉంది.

చంటిపిల్లలు ఉన్న ఇంట్లో కుంట వద్దనే చెప్తాను. చెయ్యక తప్పదంటే గట్టి కంచె ఉండాలి. చిన్నపిల్లలకి జానెడు నీళ్ళు కూడా ప్రమాదమే. మా పక్కింటి పాప కోసం మేం నాలుగడుగుల ఎత్తు వలకంచె వేసి తలుపుకి గొళ్ళెం పెట్టాం.

ఎలా తవ్వాలి

ప్లస్ టూ పరీక్షలు అయ్యాక, కాలేజీ తెరిచేలోగా తవ్వాం. నల్లరేగడి ఎండాకాలంలో రాయిలా ఉంటుంది, గడ్డపార దిగదు. బాగా తడిస్తే పారకి అంటుకుని వదలదు. మే నెలలో ఒక వేసవి వాన పడింది. రెండు రోజులు ఆరనిచ్చి మూడో రోజు మొదలుపెట్టాం. నాయన, నేను, తమ్ముడు కలిసి నాలుగు రోజుల పని.

పొడవు 12 అడుగులు, వెడల్పు 8 అడుగులు, కోడిగుడ్డు ఆకారం. అన్నిటికన్నా లోతైన చోట రెండడుగులు. ముఖ్యమైన సంగతి లోతు కాదు, వాలు. కుంట అంటే బావి కాదు. ఒక వైపైనా ఒడ్డు పళ్ళెం అంచులా మెల్లగా దిగాలి. మేం అడుగు లోతుకి మూడడుగుల దూరం పెట్టాం. నిలువు గోడలుంటే పడిన తొండ, ఉడత, కోడిపిల్ల పైకి రాలేవు. కప్పపిల్లలు కూడా ఒడ్డెక్కలేక చచ్చిపోతాయి. పిచ్చుకలు స్నానం చేసేది రెండంగుళాల నీళ్ళలోనే. నిజానికి ఎక్కువ జీవులు ఉండేది ఆ పల్చటి నీళ్ళ దగ్గరే, నడిమి లోతులో కాదు.

అడుగున ప్లాస్టిక్ షీటు వెయ్యాలా అని నాయన అడిగారు. ఇసుక నేల, ఎర్రనేల అయితే వెయ్యాల్సిందే. రేగడిలో అక్కర్లేదు అంది అవ్వ. తడిపి తొక్కమంది. పొలంలో దమ్ము చేసినట్టు నీళ్ళు చల్లి, మట్టి జిగట అయ్యేదాకా ముగ్గురం గంట గంట సేపు తొక్కాం. పూర్వం ఊరణి అడుగుని ఇలాగే పశువుల్ని తిప్పి తొక్కించేవాళ్ళట. ఈ మట్టిలో ఉన్న సన్నటి బంక రేణువులు నీళ్ళు పీల్చి ఉబ్బి సందుల్ని మూసేస్తాయి. తొక్కితే అవి ఇంకా దగ్గరపడతాయి.

అయినా మొదటి వాన నీళ్ళు ఒక్క రాత్రిలో మాయమయ్యాయి. నేను ఏడ్చినంత పని చేశాను. వేసవి ఎండకి మళ్ళీ పగుళ్ళు వచ్చాయి, నీళ్ళన్నీ వాటిలోకి పోయాయి. అవ్వ నవ్వి "దానికి దప్పిక తీరనీ" అంది. రెండో వానకి సగం నిలిచాయి. మూడో వానకి నిలబడిపోయాయి.

అలుగు పెట్టడం మరిచిపోకండి. తెలంగాణలో మత్తడి అంటారు, మా తమిళంలో మఱుకాల్. ఎక్కువైన నీళ్ళు ఎటు పోవాలో ముందే మనం చెప్పాలి, లేకపోతే అవే తేల్చుకుంటాయి. 2023 డిసెంబరు 17, 18 తేదీల్లో మా తూత్తుకుడి జిల్లాలో పడిన వాన మీకు గుర్తుండే ఉంటుంది. కాయల్‌పట్టణంలో ఒక్క రోజులో 90 సెంటీమీటర్లకు పైగా పడింది. ఎండ ఊరు కదా, వరద ఎందుకొస్తుంది అనుకున్నవాళ్ళందరికీ ఆ రోజు పాఠమే. మా కుంట అలుగు ఇంటివైపు కాకుండా కొబ్బరిచెట్ల వైపు తీశాం. జానెడు వెడల్పు, రాళ్ళు పరిచి.

నీళ్ళ లెక్క

మా కుంట నిండితే సుమారు 1,800 లీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మా మేడ 40 చదరపు మీటర్లు. 25 మిల్లీమీటర్ల వాన ఒక్కటి కురిస్తే మేడ మీద నుంచే 1,000 లీటర్లు దిగుతాయి. తమిళనాడులో 2003 నుంచి ప్రతి ఇంటికీ వాననీటి సేకరణ తప్పనిసరి కాబట్టి గొట్టం ముందే ఉంది. నిండగా మిగిలిన నీళ్ళని కుంటకి మళ్ళించాం అంతే. మొదటి వానకి మేడ మీది దుమ్ము కొట్టుకొస్తుంది, దాన్ని వదిలెయ్యాలి. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి అవి పోయాల్సి వస్తే రెండు రోజులు డ్రమ్ములో తెరిచి ఉంచి పోయాలి. ఆ డ్రమ్ముకి పల్చటి గుడ్డ కట్టాలి. ఎందుకో కింద చెప్తాను.

ఎండకి రోజుకు అర సెంటీమీటరు చొప్పున పోయినా నెలకి అరడుగు. అంటే డిసెంబరులో నిండిన రెండడుగులు ఏప్రిల్‌కి ఆఖరు. నేను కంగారుపడి బోరు నీళ్ళు పోద్దామన్నాను. తరవాత చదివితే తెలిసింది, ఎండిపోయే కుంటే మంచిదని. ఎండిపోతే చేపలు బతకవు. చేపలు లేకపోతేనే కప్పపిల్లలు బతుకుతాయి. మన నేలలో కప్పలూ తూనీగలూ ఎండిపోయే నీళ్ళకే అలవాటు పడ్డాయి. ఎండిన కుంటలో అడుగున చేరిన ఒండ్రుని తీసి అమ్మ మల్లెచెట్లకి వేసింది. తెలుగు ఒండ్రు, తమిళ వండల్ రెండూ ఒకటే మాట, మీకు తెలిసే ఉంటుంది.

నేను చేసిన తప్పు

మొదటి ఏడు దీపావళి సెలవులకి ఇంటికెళ్ళాను. కుంట నిండుగా ఉంది. గోదురుకప్ప పెట్టిన గుడ్లు నల్లపూసల దండల్లా గడ్డికి చుట్టుకుని ఉన్నాయి. రెండు మూడు రోజుల్లో వేలకొద్దీ తోకకప్పలు. అమ్మ దోమల భయం తీర్చాలని నేను కోవిల్‌పట్టిలో ఒక కొట్టు నుంచి ఇరవై గప్పీ చేపలు తెచ్చి వదిలాను. పొంగల్‌కి వచ్చి చూస్తే ఒక్క తోకకప్ప లేదు. చేపలు మాత్రం వందల్లో ఉన్నాయి. ఏప్రిల్‌లో కుంట ఎండితే ఆ చేపలన్నీ బురదలో చచ్చాయి. వాసనకి పక్కింటివాళ్ళు మాటలన్నారు. ఆ తప్పు పూర్తిగా నాదే.

దోమల కోసం చేపలు వదలడం కొత్త కాదు. అమెరికా ఖండం చేప గంబూసియాని మన దేశానికి 1928లోనే తెచ్చారు. అది దోమపిల్లల్నే కాదు, కప్పగుడ్లని, తోకకప్పల్ని, తూనీగ పిల్లల్ని కూడా తింటుంది. మూసిన తొట్టిలోనో బావిలోనో వేస్తే ఒక లెక్క. జీవుల కోసం తవ్విన కుంటలో వేస్తే మనం పిలిచిన చుట్టాల్ని మనమే తరిమినట్టు.

కప్పల్ని కూడా వేరే చోటు నుంచి పట్టి తేకండి. వాటితో పాటు రోగాలు వస్తాయి. నీళ్ళుంటే అవే వస్తాయి. మొక్కలు మాత్రం మేం దగ్గరి కణ్మాయి నుంచి తెచ్చాం. ఒక కలువ దుంప, కొంచెం నీటిబ్రాహ్మి. కడిగి, చేపగుడ్లు నత్తలు లేకుండా చూసి పెట్టాం. గట్టు మీద వట్టివేరు, గరిక. గుర్రపుడెక్క పువ్వు ఎంత అందంగా ఉన్నా తేవద్దు, నెలలో కుంటంతా కప్పేస్తుంది. నీళ్ళలో రెండు ఎండుకొమ్మలు గుచ్చాం. తూనీగ పిల్ల నీళ్ళలోంచి కొమ్మెక్కి, పొట్టు విడిచి, రెక్కలు ఆరబెట్టుకుని ఎగురుతుంది. ఎక్కడానికి ఏదో ఒకటి ఉండాలి దానికి. ఆ కొమ్మ మీదే లకుముకి పిట్ట కూడా కూచుంటుంది.

అమ్మ భయం

ఇప్పుడు అసలు సంగతి. రెండో ఏడు చేపలు వెయ్యలేదు. అమ్మ ఒక షరతు పెట్టింది. వారానికి ఒకసారి తమ్ముడు కుంటలోనూ, ఇంట్లో నీళ్ళున్న ప్రతి చోటా తెల్ల గిన్నెతో ముంచి చూడాలి. దోమపిల్లలు కనబడితే లెక్క రాయాలి. కుంటలో ఎక్కువుంటే పూడ్చెయ్యడమే. నేను ఒప్పుకున్నా.

మొదటి రెండు వారాలు కుంటలోనూ దోమపిల్లలు ఉన్నాయి. కొత్త నీళ్ళలో వాటిని తినేవి ఇంకా చేరలేదు. తమ్ముడు టీ వడగట్టే దానితో రోజూ తీసేశాడు. మూడో వారానికి వెల్లకిలా ఈదే పురుగులు, నీళ్ళ మీద పరిగెత్తే పురుగులు, తూనీగ పిల్లలు వచ్చేశాయి. తరవాత గిన్నెకి ఒకటో రెండో, చాలాసార్లు సున్నా.

ఇంట్లో లెక్క మాత్రం అమ్మని భయపెట్టింది. పెరట్లో వాడకుండా పడేసిన రోలులో దోమపిల్లలు. ఫ్రిజ్ వెనక నీళ్ళు పడే పళ్ళెంలో దోమపిల్లలు. మేడ మీద మూత సరిగా పడని డ్రమ్ములో గిన్నెకి ముప్ఫైకి పైగా. డెంగ్యూ తెచ్చే ఏడిస్ దోమకి ఇష్టమైనవి ఇవే, చిన్న పాత్రలో తేటగా నిలిచిన నీళ్ళు. నీళ్ళ అంచుకి కాస్త పైన గోడకి గుడ్లు అంటిస్తుంది. ఆ గుడ్లు ఎండినా నెలల తరబడి చావవు, మళ్ళీ నీళ్ళు తగిలితే వారం పది రోజుల్లో దోమలైపోతాయి. అందుకే డ్రమ్ము ఖాళీ చేస్తే చాలదు, లోపల పీచు పెట్టి రుద్దాలి. రోలు, డ్రమ్ము, ఫ్రిజ్ పళ్ళెం, ఇవేవీ కొత్తగా వచ్చినవి కావు. తమ్ముడికి జ్వరం వచ్చిన ఏడు కూడా ఇంట్లో ఉన్నవే. ఆ ఏడు మాకు కుంట లేదు.

ఆ చీటీ చదివి అమ్మ ఏమీ అనలేదు. లేచి వెళ్ళి రోలు బోర్లించింది.

కుంటలో దోమే పుట్టదని నేను చెప్పను. మలేరియా దోమల్లో కొన్ని కుంటల్లోనూ గుడ్లు పెడతాయి. వారం వారం చూసే ఓపిక లేనివాళ్ళు కుంట పెట్టకపోవడమే మంచిది. ఇంకొకటి, కప్ప ఉన్న చోటికి పాము వస్తుంది. మా కుంటకి నీరుకట్టు పాము రెండుసార్లు వచ్చింది, అది విషం లేనిది. కానీ ఏ పామో చీకట్లో తెలియదు. రాత్రి టార్చీ లేకుండా, చెప్పులు లేకుండా అటు వెళ్ళకూడదని మా ఇంట్లో చట్టం.

ఎవరెవరు వచ్చారు

ఈ ఏడు లెక్క ఇది. నీళ్ళ మీద గెంతుతూ పోయే చిన్నకప్పలు. గోదురుకప్పలు. పెద్ద వాన పడిన రాత్రి పసుపు పచ్చటి బోదురుకప్పలు మూడు. జతకట్టే కాలంలో మగవి అలా పసుపు పూసుకున్నట్టు మారతాయి. పిచ్చుకలు, గుడ్డికొంగ ఒకటి, రోజూ పొద్దున నెమళ్ళు.

తూనీగల్లో నాకు ఇష్టమైనది ఒకటుంది, పసుపు గోధుమ రంగుది, వాలకుండా గాల్లోనే గంటలు తిరుగుతుంది. శాస్త్రంలో పాంటాలా అంటారు. మాల్దీవుల్లో పనిచేసే చార్ల్స్ ఆండర్సన్ అనే జీవశాస్త్రవేత్త 2009లో ఒక సంగతి రాశారు. అక్టోబరు నుంచి లక్షల తూనీగలు ఆ దీవుల మీదుగా పోవడం చూసి, ఇవి ఇండియా నుంచి సముద్రం దాటి తూర్పు ఆఫ్రికాకి వెళ్తున్నాయని ఆయన అన్నారు. దారిలో ఆగడానికి వాటికి మంచినీళ్ళు లేవు. అవి గుడ్లు పెట్టేది వాన గుంటల్లోనే, ఎండిపోయేలోగా పిల్లలు పెరిగిపోతాయి. మా పెరటి నీళ్ళలో పుట్టింది ఆఫ్రికా చేరిందో లేదో తెలియదు గానీ, నేను ఇంకా చెన్నై దాటలేదు.

మన డిపార్టుమెంటుకి ఒక మాట

ఇడైసెవల్ మా ఊరికి దగ్గరే. అక్కడ పుట్టిన కి. రాజనారాయణన్ గారు ఇంట్లో తెలుగు మాట్లాడి, తమిళంలో రాసి, 1991లో సాహిత్య అకాడమీ బహుమతి పొందారు. కరిసల్ నేల మాటలకి నిఘంటువు కూడా చేశారు. ఆయన ఆ పని తమిళానికి చేశారు. మా ఇళ్ళల్లో ఉన్న తెలుగు మాటల్ని ఎవరు రాస్తారు? కుంట చుట్టూ కూచుంటే అవ్వ నోట వచ్చే మాటలు నేను ఇప్పుడు నోటుబుక్కులో రాస్తున్నా. తమిళ కుళం, తెలుగు కొలను చుట్టాలు. తమిళంలో ఏరి అంటే చెరువు, తెలుగులో ఏరు అంటే నది. చిన్నప్పుడు ఈ రెంటితో నేను పడ్డ తికమక వేరే వ్యాసం అవుతుంది.

మన డిపార్టుమెంటు వెనక ట్యాంకు నీళ్ళు పొర్లే మూల ఉంది కదా. మేడంలు ఒప్పుకుంటే అక్కడ రెండున్నర అడుగుల సిమెంటు తొట్టి ఒకటి సగం పాతిపెట్టి, లోపల రాళ్ళతో మెట్లు పేర్చి, ఒక కలువ పెడదాం. చేపలు వద్దు. వారానికి ఇద్దరు చొప్పున తెల్ల గిన్నె డ్యూటీ వేసుకుందాం. ఆ లెక్క చీటీ ఈ గోడ మీదే అంటిద్దాం. పేరు ఇచ్చేవాళ్ళు నా దగ్గరికి రండి. వచ్చేటప్పుడు మీ ఇంట్లో అవ్వనో అమ్మమ్మనో నాయనమ్మనో అడిగి, కప్పకి వాళ్ళు చెప్పే పేర్లు ఎన్ని ఉన్నాయో రాసుకు రండి.